మీకేం కావాలో వాళ్లకి తెలుసు, మీరు ఊరుకోండి

లినక్స్ డెస్క్‌టాప్ వాడేవాడికి ఇష్టాయిష్టాలు ఉండటం చాలా ప్రమాదకరమని ఈమధ్యే నాకు జ్ఞానోదయం అయింది. లినక్స్ అంటే విండోస్‌లా కంప్యూటర్‌ని నడిపించేది. దాని తెర మీద కిటికీలూ (విండోలూ) పట్టీలూ ఎలా ఉండాలో చూసే డెస్క్‌టాప్‌ల్లో ముఖ్యంగా రెండున్నాయి: అన్నీ మనల్నే అడిగే కేడీఈ, ఏదీ అడక్కుండా తనే తేల్చేసే గ్నోమ్. ఇన్నాళ్లూ తెలియక కేడీఈ వైపు నిలబడి వాదించాను. అక్కడ సెట్టింగ్స్ తెరిస్తే కిటికీని లాగినప్పుడు అది జెల్లీలా ఊగాలా వద్దా, ఫైల్ తెరవడానికి క్లిక్ ఒకటా రెండా, టైటిల్ పట్టీ మీద మధ్య బటన్ నొక్కితే ఏం జరగాలి అని పెళ్లిచూపుల్లోలా ప్రశ్నల మీద ప్రశ్నలు. పని చేసుకుందామని కూర్చున్నవాడు సాయంత్రానికి పని తప్ప అన్నీ చేసి లేస్తాడు.

మా నాన్నకి అలాంటి డెస్క్‌టాప్ ఒకటి పెట్టిచ్చాను (ఏదో చెప్పను, గొడవలొద్దు). వారం తిరక్కుండా ఫోన్.

"ఒరేయ్, కింద పట్టీ లేదురా."

"ఎటు పోయింది నాన్నా?"

"ఎడమ పక్కకెళ్లి నిలబడింది."

"నువ్వేం నొక్కావు?"

"నేనేం ముట్టుకోలేదు, అదే నిలబడింది."

దాన్ని మళ్లీ పడుకోబెట్టడానికి ఫోన్లో గంట పట్టింది. ఆ రోజే గ్నోమ్ వాళ్లు ఎంత దూరదృష్టి గలవాళ్లో అర్థమైంది.

వాళ్ల సిద్ధాంతం 2002లో గ్నోమ్ 2 నాటిది. ప్రతి ఆప్షన్‌కీ ఓ ఖర్చు ఉంటుందని గ్నోమ్ డెవలపర్ హేవక్ పెన్నింగ్టన్ అప్పట్లోనే రాశాడు. నవ్వులాట పక్కనపెడితే ఆ మాట నిజం: అవును-కాదు ఆప్షన్లు పది ఉంటే 1024 రకాల డెస్క్‌టాప్‌లు తయారవుతాయి, అన్నిటినీ పరీక్షించేవాడు ఎవడూ ఉండడు, మీ కంప్యూటర్ కచ్చితంగా ఆ పరీక్షించనిదే అయ్యుంటుంది. సరే, ఒప్పుకున్నాం. కానీ మంచి మాట దొరికితే మనవాళ్లు ఆగుతారా? 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చేసరికి కిటికీని చిన్నది చేసే బటనూ లేదు, పెద్దది చేసే బటనూ లేదు. చిన్నది చేస్తే కిటికీ పోయి కూర్చోవడానికి కింద పట్టీ ఉండాలి కదా, దాన్ని తీసేశాం కదా, ఇంక బటన్ ఎందుకు అన్నది తర్కం. ఇంటికి గోడలు పీకేశాక తలుపు అడిగేవాడిదే తప్పు.

లినస్ టోర్వాల్డ్స్ 2005లోనే కేడీఈ వాడుకోండని జనానికి చెప్పాడు, గ్నోమ్ 3 చూశాక అలిగి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి పోయాడు. లినక్స్ పుట్టించినవాడే అలిగినా చలించకపోవడాన్ని మనం నిబద్ధత అనాలి. చివరికి ఆయనే గ్నోమ్‌కి తిరిగొచ్చాడు, ఎక్స్‌టెన్షన్లు (లేని సౌకర్యాల్ని పైనుంచి అతికించే చిన్న ప్రోగ్రాములు) తగిలించుకుని.

ఇంకో ఉదాహరణ. గ్నోమ్‌లో ఫైల్ ఎంచుకునే కిటికీలో ఫొటోలు పేర్లుగా కాక బొమ్మలుగా కనబడాలని 2004లో అడిగారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కాబట్టి అడిగారు, అడుగుతూనే ఉన్నారు. 2022 చివర్లో ఆ కోడ్ చేరింది. అడిగిన ఏడాది పుట్టిన పిల్లలకి ఓటు హక్కూ, ఫైల్ కిటికీకి బొమ్మలూ ఒకేసారి వచ్చాయి.

అలాగని కేడీఈ వాళ్లు మరీ అంత ఉదారులేం కాదు. 2008లో కేడీఈ 4 తెచ్చినప్పుడు తెర మూల మీద ఓ చిన్న గుర్తు పెట్టారు, చూడ్డానికి జీడిపప్పులా ఉందని అందరూ దాన్ని జీడిపప్పే అన్నారు. ప్రపంచంలో ఏదైనా మార్చుకోవచ్చు, ఆ జీడిపప్పు మాత్రం తీయడానికి వీల్లేదు! ఉప్మాలో వెతికినా దొరకని పదార్థం తెర మీద వద్దన్నా వదల్లేదు. దాన్ని దాచడానికే ఎవరో ప్రత్యేకంగా ఓ విడ్జెట్ రాశారు.

ఇక గ్నోమ్ సింప్లిసిటీ ఎంత గొప్పదంటే, తీసేసిన ప్రతిదానికీ ఓ ఎక్స్‌టెన్షన్ ఉంది. పట్టీకి ఒకటి, మూలన ఉండే చిన్న ఐకాన్లకి ఒకటి, డెస్క్‌టాప్ మీద ఫైళ్లకి ఒకటి. లినక్స్‌లో ఓ రకమైన ఉబుంటు 2017లో గ్నోమ్‌కి తిరిగొచ్చినప్పుడు మొదట చేసిన పనుల్లో ఒకటి, ఎడమ పక్కన డాక్ (ఐకాన్ల పట్టీ) కోసం ఓ ఎక్స్‌టెన్షన్ బిగించడం. సెట్టింగ్స్ మాత్రం శుభ్రంగా ఉన్నాయి, చుట్టాలొస్తే సామానంతా మంచం కిందకి తోసిన హాలులా. 2023లో గ్నోమ్ 45 వచ్చి ఎక్స్‌టెన్షన్లు లోడయ్యే పద్ధతే మార్చేసింది, పాతవన్నీ తిరగరాయాల్సొచ్చింది. 1024 రకాల్ని పరీక్షించే బాధ తప్పిందన్నారు. తప్పలేదు, జీతం లేకుండా ఎక్స్‌టెన్షన్ రాసేవాడి నెత్తికి మారింది, అంతే.

కాబట్టి నా ప్రతిపాదన: కిటికీ మూసే బటన్ ఒకటి ఇంకా మిగిలిపోయింది, అదీ తీసేయాలి. మూయాల్సిన అవసరం వచ్చిందంటే అసలు తెరవకుండా ఉండాల్సింది.

ఈ ఉత్సాహంలోనే నాన్న కంప్యూటర్‌లో పట్టీ గిట్టీ ఏం లేని డెస్క్‌టాప్ పెట్టాను. మర్నాడు ఫోన్.

"ఒరేయ్, పట్టీ ఏదిరా?"

"ఇందులో ఉండదు నాన్నా. నీకు తేలిగ్గా ఉంటుందని తీసేశారు."

కాసేపు చప్పుడు లేదు.

"ఆ నిలబడిందే ఇచ్చెయ్యరా, నేనే సర్దుకుంటా."