కర్త లేని కాపురం

మా ఇంట్లో ఎవరూ ఏదీ పగలగొట్టరు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, వ్యాకరణం ప్రకారం చెబుతున్నాను. పెళ్లయిన ఈ పద్నాలుగేళ్లలో కప్పులు పగిలాయి, కుర్చీ కాళ్లు విరిగాయి, గిన్నెలు మాడాయి, తాళంచెవులు పోయాయి, బీరువా పిడి ఊడింది. కానీ వీటిలో ఒక్కదాన్నైనా ఎవరైనా పగలగొట్టిన, విరగ్గొట్టిన, మాడ్చిన, పోగొట్టిన, ఊడబీకిన దాఖలా లేదు. అన్నీ వాటంతట అవే జరిగాయి.

తెలుగు భాష ఇలాంటి కాపురాలకు చేసిన ఉపకారం అంతా ఇంతా కాదు. పగలడం పక్కనే పగలగొట్టడం ఉంది, పోవడం పక్కనే పోగొట్టడం ఉంది, చిరగడం పక్కనే చింపడం ఉంది. మొదటి జట్టువి అకర్మక క్రియలు, రెండో జట్టువి సకర్మక క్రియలు అని బడిలో చెప్పారు. మావారు ఆ పాఠం రోజు సగం పూటే హాజరైనట్టున్నారు. "గ్లాసు పగిలింది" అంటారు. ఆయువు తీరి, అందరినీ పిలిచి, దీవించి వెళ్లిపోయినట్టు. ఆ క్షణంలో అది ఎవరి చేతిలో ఉందన్న సంగతి ఆ వాక్యానికి అక్కర్లేదు.

మొన్న రాత్రి నేను పడకగదిలో ఉన్నాను. వంటింట్లో ముందు ఒక 'ఠప్', తర్వాత చిన్న చిన్న గలగలలు, ఆ తర్వాత నిశ్శబ్దం. అనుభవం లేనివాళ్లు చప్పుడుకి భయపడతారు. నేను నిశ్శబ్దానికి భయపడతాను. ఆ కాసేపట్లో ఆయన ముక్కలు ఏరరు, వాక్యం కూర్చుకుంటారు. నేను నోరు తెరవకముందే కేక వచ్చింది.

"ఏమీ కాలేదు!"

వెళ్లి చూస్తే ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన గాజు గిన్నె సింక్‌లో మూడు పెద్ద ముక్కలుగా, లెక్కలేనన్ని చిన్న ముక్కలుగా ఉంది. కొళాయి ఇంకా ధారగా పడుతోంది. "నేను ముట్టుకోనేలేదు. నీళ్లు తిప్పానంతే. అదే పగిలింది" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఇందులో అబద్ధం లేదు. గాజులో వేడి అంత తొందరగా అటూ ఇటూ పాకదు. చన్నీళ్లు పడిన చోట అది చటుక్కున ముడుచుకోబోతుంది, పక్క భాగమేమో వేడికి సాగి అలాగే ఉంటుంది, ఆ లాగులాటలో బీట పడుతుంది. ఇదంతా నాకు చెప్పింది కూడా ఆయనే, ముక్కల మధ్య చెప్పుల్లేకుండా నిలబడి. "దీన్ని థర్మల్ షాక్ అంటారు తెలుసా" అన్నారు, దొంగ పేరు బయటపెట్టిన డిటెక్టివ్‌లా. షాక్ ఎవరిచ్చారని అడిగితే మాత్రం శాస్త్రం అంతదాకా వెళ్లదట.

నాన్‌స్టిక్ పెనం కథ ఇంకో రకం. ఆ పూతగా వాడే టెఫ్లాన్ 1938లో రాయ్ ప్లంకెట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్తకు అనుకోకుండా దొరికింది. ఫ్రిజ్‌లలో వాడే వాయువు కోసం ఆయన ప్రయోగాలు చేస్తుంటే, సిలిండర్‌లో ఉండాల్సిన వాయువు పోయి తెల్లటి పొడి మిగిలింది. ఆ సిలిండర్‌ని కోయించి లోపల చూశారు కాబట్టి ప్రపంచానికి మేలు జరిగింది. అదే మావారైతే "గ్యాస్ అయిపోయింది" అని పక్కన పడేసేవారు. అనుకోకుండా వచ్చింది అనుకోకుండానే పోవాలని ఆయన సిద్ధాంతం కాబోలు, ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోన్ ఎత్తుతారు. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. ఖాళీ పెనం ఆ వేడిని అందుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆయన ఫోన్ మాట్లాడటం అంతకంటే ఎక్కువసేపే. ఇక మిగిలిన పూతను స్టీలు గరిటె చూసుకుంటుంది. "గీతలు పడ్డాయే!" అని ఆశ్చర్యపోయేది మళ్లీ ఆయనే.

చాకుతో స్క్రూలు తిప్పడం, ఛార్జర్‌ని వైరు పట్టుకుని లాగడం, గోడకు మేకు కొట్టడానికి రోకలి తీయడం మామూలే కాబట్టి వదిలేస్తున్నాను. మూతల మాట మాత్రం చెప్పాలి. ప్రస్తుతం మా వంటింట్లో ముప్ఫై ఒక్క డబ్బాలు, ఇరవై రెండు మూతలు ఉన్నాయి. ఒకదానికొకటి సరిపోయేవి తొమ్మిది జతలు. మిగతావి ఒకే కప్పు కింద ఉంటూ ఒకరికొకరు ఏమీ కానివాళ్లలా బతుకుతున్నాయి. ఒంటరి మూతల కోసం విడిగా ఒక పెద్ద డబ్బా పెట్టాను. దానికి మూత లేదు.

ఇలా ఎంతకాలమని, ఈ మధ్య ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. 'ఇకపై ప్రతి నష్టాన్నీ సకర్మక క్రియతోనే చెప్పవలెను. వాక్యంలో కర్త తప్పనిసరి.' ఆయన సీరియస్‌గా రెండుసార్లు చదివి, న్యాయమైన రూలే అన్నారు. మర్నాడే అమలు చేశారు కూడా.

"గాలి పూలకుండీని పగలగొట్టింది."

కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ సకర్మకం. మార్కులు తగ్గించడానికి నాకు చోటు దొరకలేదు. ఆ వారంలోనే సబ్బు గ్లాసును జారవిడిచింది, వేడినీళ్లు నా ఉన్ని స్వెటర్‌ని కుదించాయి. ఉన్ని పోగుల మీద సన్నటి పొలుసులుంటాయి, వేడినీళ్లలో వేసి గిరగిర తిప్పితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు, బట్ట దగ్గరకొచ్చి దళసరి అయిపోతుంది. ఇప్పుడా స్వెటర్ మా అమ్మాయి బొమ్మకు సరిగ్గా సరిపోతోంది. "వేస్ట్ అవలేదుగా" అన్నారు.

నా లెక్కలు మరీ నమ్మొద్దని కూడా చెప్పాలి, ఎందుకంటే నేనూ ఫిర్యాదుదారునే. మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు 1979లో ఒక అధ్యయనం ప్రచురించారు. 37 జంటల్లో భార్యనీ భర్తనీ విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంతని అడిగారు. ఇద్దరి వాటాలూ కలిపితే సగటున నూటికి మించిపోయాయి. ఎవరు చేసింది వాళ్లకే బాగా గుర్తుంటుందని తేల్చారు. మా ఇంట్లో ఈ సర్వే చేస్తే సర్దినవి ఇద్దరికీ కలిపి నూట అరవై వస్తాయి, పగలగొట్టినవి నాకు ఐదు, ఆయనకు సున్నా. మిగతా తొంభై ఐదూ గాలి, సబ్బు పంచుకోవాలి.

ఎదురు మాట్లాడితే ఆయన దగ్గర వేదాంతం సిద్ధంగా ఉంటుంది. "వస్తువులు మన కోసమా, మనం వస్తువుల కోసమా?" తడి తువ్వాలు పరుపు మీద పడేసి అడిగే ప్రశ్న ఇది. చాలాకాలం నేను కూడా ఇది నిజంగా వైరాగ్యమేనేమో, మన మనిషి కాస్త పై మెట్టులో ఉన్నాడేమో అనుకున్నాను. ఆయన కెమెరా చూసేదాకా.

కెమెరాకి ఒక సంచి. సంచిలో అరలు. ప్రతి అరలోనూ తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. నెలకోసారి ఆ పొట్లాల సంగతి చూస్తారు, లెన్సుని ఊదే బుడ్డితో ఊది, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు గుండ్రంగా తుడుస్తారు. ఎందుకండీ అంటే, "తేమ ఉంటే లెన్సుకి ఫంగస్ పడుతుంది" అన్నారు. తేమ ఉంటే ఫంగస్ పడుతుందని ఈయనకి తెలుసు! తెలిసే తువ్వాలు పరుపు మీద వేస్తున్నారు.

పోయిన ఆదివారం ఆ లెన్సు మూత కనబడలేదు. సంచి అంతా బోర్లించారు, సోఫా జరిపారు, మంచం కిందకి దూరి టార్చి వేశారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. దుమ్ము దులుపుకుంటూ లేచి నా వైపు తిరిగారు.

"లెన్సు మూత పోగొట్టావా?"

పద్నాలుగేళ్లు! ఆ క్రియ ఆయన దగ్గరే ఉంది. పదిలంగా, గీత పడకుండా, బహుశా సిలికా జెల్ పొట్లం వేసి దాచుకున్నారు. తప్పుపట్టడానికి ఒక్క అక్షరం లేదు, కర్తతో సహా. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ వాక్యాన్ని కాసేపు అలాగే చూడాలనిపించింది.

సాయంత్రం పాలగిన్నె మీద పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఆయనే ఒంటరి మూతల డబ్బా కెలికారు. అడుగున, నీలం మూతకీ ఆకుపచ్చ మూతకీ మధ్య, నల్లగా గుండ్రంగా ఉంది. అంతకు ముందు ఆదివారం ఆ మూతలన్నీ ఊడ్చినట్టు ఎత్తి అందులో పోసింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి, అటూ ఇటూ తిప్పి, చొక్కా అంచుతో తుడిచారు.

"అరె," అన్నారు, "ఇదిక్కడికెలా వచ్చింది?"