మా వంశంలో లేదండీ!

వైద్యశాస్త్రం ఇంకా గుర్తించని ఒక గొప్ప టీకా మన తెలుగువాళ్ల దగ్గర ఉంది. దీనికి సూది అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. "మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?" అని డాక్టరమ్మ అడగగానే, ఆవిడ వాక్యం పూర్తయ్యేలోపు "మా వంశంలో లేదండీ" అనేయాలి. అంతే, జబ్బు గేటు దాటి లోపలికి రాదు.

ఈ మాట అనేవాళ్లకి వంశం గురించి తెలియదని మాత్రం అనకండి. సంబంధం మాట్లాడుకునే రోజున చూడాలి వాళ్ల ప్రతిభ. గోత్రం, ప్రవర, నక్షత్రం పాదంతో సహా చెబుతారు. అవతలివాళ్ల మేనమామ తోడల్లుడు ఎప్పుడో చిట్టీ డబ్బులు ఎగ్గొట్టిన సంగతి తవ్వి తీస్తారు. సొంత నానమ్మ దేంతో పోయిందో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పోనీ, నిజంగానే వంశంలో లేదనుకుందాం. ఏం లాభం? రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. మిగతావి ఇంటిపేరు అడక్కుండానే వస్తాయి. ఇక వంశంలో ఉన్నవాళ్ల సంగతి వేరు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో హానికరమైన మార్పు ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 70 శాతం మందికి ఈ జబ్బు వస్తుంది. ఆ మార్పు అమ్మ నుంచి రావచ్చు, నాన్న నుంచీ రావచ్చు. నాన్న నుంచి వస్తుందనేసరికి మన పెద్దమనుషులకి ఎక్కడలేని పౌరుషం వస్తుంది. మగాడికేంటి, రొమ్ము క్యాన్సర్ ఏంటి!

ఒక పెద్ద ఆసుపత్రిలో జెనెటిక్ కౌన్సెలర్ గది ఊహించుకోండి. పాపం ఆ అమ్మాయి పని వంశవృక్షం గీయడం. ఆడవాళ్లకి గుండ్రాలు, మగవాళ్లకి చతురస్రాలు, జబ్బు వచ్చినవాళ్లకి నలుపు. ఎదురుగా పేషెంటుగారి అన్నగారు, వదినగారు.

"మీ నాన్నగారి వైపు ఎవరికైనా క్యాన్సర్..."

"మాది భారద్వాజస గోత్రం అండీ. ముత్తాతగారు కరణం."

అమ్మాయి చతురస్రం గీసింది. కరణీకానికి గుర్తు లేదు కాబట్టి ఖాళీగా వదిలేసింది.

"నానమ్మగారు?"

"పుణ్యాత్మురాలు. ముక్కోటి ఏకాదశి నాడు పోయింది."

"దేంతో పోయారు?"

"చెప్పాను కదమ్మా, ఏకాదశి నాడు."

"రొమ్ములో ఏదో గడ్డ లేచిందని మా అత్తగారు అనేవారు," అంది వదినగారు. అన్నగారు ఆవిడ వైపు ఒక్క చూపు చూశారు. "వేడి చేసి సెగగడ్డ లేచింది. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మేనత్తలు ఉన్నారా?"

"ఇద్దరు. కానీ వాళ్లు మా వంశం కాదుగా."

"మీ నాన్నగారి చెల్లెళ్లే కదండీ?"

"పెళ్లిళ్లయి గోత్రాలు మారాయమ్మా. ఒకావిడ కౌండిన్యస, ఒకావిడ హరితస."

కన్యాదానం అప్పుడు జన్యువుకి ఎవరూ శుభలేఖ ఇవ్వలేదు. అందుకని అది ఉన్నచోటే ఉండిపోయింది.

"ఇద్దరూ బాగున్నారా?"

"పెద్దావిడ పోయింది, నలభై రెండో ఏట."

"దేంతో?"

"మొగుడు మంచివాడు కాదండీ."

అప్పుడు అన్నగారు సంచీలోంచి అచ్చు పుస్తకం తీశారు. ఏడు తరాల వంశవృక్షం, రంగుల అట్టతో సహా. అమ్మాయి మొహం వెలిగింది. తిరగేస్తే అన్నీ మగ పేర్లే. "ఆడపిల్లలవి వెయ్యలేదమ్మా, పేజీలు పెరుగుతాయని."

"సరే, పేషెంటుగారు ఏరీ?"

"బయట కూర్చోబెట్టాం. తనకి క్యాన్సర్ అని చెప్పలేదు. మీరూ అనకండి."

1866లో ఫ్రాన్సులో పాల్ బ్రోకా అనే సర్జన్ ఒక కుటుంబంలో తరతరాలుగా రొమ్ము క్యాన్సర్ వస్తోందని వంశవృక్షం గీసి అచ్చేశాడు. ఆ కుటుంబం ఆయన భార్య పుట్టిల్లేనంటారు. మనవాళ్లయితే ఆ అల్లుడికి జన్మలో మళ్లీ పండక్కి బట్టలు పెట్టరు. 1990లో అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే జన్యు శాస్త్రవేత్త బీఆర్‌సీఏ1 పదిహేడో క్రోమోజోమ్ మీద ఉందని తేల్చింది. అందుకు ఆధారం 23 కుటుంబాలు, వాటిలో 146 రొమ్ము క్యాన్సర్ కేసులు. ఆ 23 ఇళ్లవాళ్లూ మన అన్నగారిలాంటి వాళ్లయితే ఆవిడ ఇవాళ్టికీ ఏకాదశులు లెక్కపెట్టుకుంటూ ఉండేది.

జన్యువులదాకా ఎందుకు, మామూలు పరీక్షకే దిక్కులేదు. ముప్ఫై దాటిన ఆడవాళ్లందరికీ అయిదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. దీనికి కోట్ల యంత్రం కావాలేమో అనుకునేరు. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తల చేత రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేయించి, ఇరవై ఏళ్లపాటు గమనించారు. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మనం మాత్రం అక్టోబరులో కట్టడాలకి గులాబీ లైట్లు వేస్తాం. తెలంగాణలో అయితే ఏ పార్టీ సభో అనుకుని జనం పక్కదారి పడతారు.

అన్నగారి అసలు బాధ నాకు తెలుసు. ఇంట్లో పెళ్లి కాని పిల్ల ఉంది. "వాళ్లింట్లో క్యాన్సర్ అట" అన్న మాట బయటికి పొక్కితే సంబంధాలు రావు. ఒక్క నిమిషం లెక్క చూడండి మహానుభావా! మీ చెల్లెలికి ఆ మార్పు ఉంటే మీకూ ఉండే అవకాశం సగం. మీకుంటే మీ అమ్మాయికి వచ్చే అవకాశం సగం. ముందు చెల్లెలి రక్తం పరీక్ష చేస్తే దేనికోసం వెతకాలో తెలుస్తుంది. అమ్మాయికి ఉందని తేలితే 25 ఏళ్ల నుంచే ఏటా ఎంఆర్ఐ తీయించుకుంటుంది, ముందుజాగ్రత్త ఆపరేషన్ సంగతి తీరిగ్గా తనే ఆలోచించుకుంటుంది. లేదని తేలితే అందరి ఆడపిల్లలతో సమానం. ఇదేదీ ఆ పిల్లకి తెలియనివ్వరు. పెళ్లి చెడకూడదని పిల్లనే పణం పెడతారు! సిగ్గుండాలి. సంగతి తెలిసి వద్దనే మగపెళ్లివారూ తక్కువేం తినలేదు. తమ కొడుకు రక్తంలో ఏముందో వాళ్లెప్పుడు చూశారట?

ఇక ఆ చెల్లెలు. కీమోని "బలానికి ఇంజెక్షన్లు" అన్నారు. జుట్టు రాలిపోతే ఊళ్లో తిరుపతి మొక్కు అని చెప్పారు, వెంకటేశ్వరస్వామిని కూడా అబద్ధంలో సాక్షిగా పెట్టి. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. ఆసుపత్రి మీద ఆంకాలజీ (అంటే క్యాన్సర్ వైద్యం) అని అంతెత్తు అక్షరాలు రాసి ఉంటే చదువుకోలేదా? చదువుకుంది. అన్నయ్య బాధపడతాడని తెలియనట్టు నటిస్తోంది. జబ్బు ఆవిడది, ఓదార్పులు వీళ్లకి!

కౌన్సెలర్ అమ్మాయి ఇంక లాభం లేదని లేచి తలుపు తీసింది. చెల్లెలు వచ్చి కూర్చుంది. "నానమ్మకి నలభై మూడులో, పెద్దత్తకి నలభైలో. చిన్నత్తకి కిందటేడు అండాశయంలో, ఎవరికీ చెప్పలేదు. రాసుకున్నావా అమ్మా? రక్తం ఎప్పుడు తీస్తారు?"

అన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి గొంతు సవరించుకుని, రిపోర్టు మీద ఇంటిపేరు లేకుండా ఇవ్వడం కుదురుతుందా అని అడిగారు.