సెప్టెంబర్ 16న తారాపూర్‌ను తలుచుకోవాలంటే

సెప్టెంబర్ 17 దగ్గర పడుతోందంటే హైదరాబాద్‌లో వారం ముందే వేడి మొదలవుతుంది. విమోచనమా, విలీనమా, సమైక్యతా అన్న వాదనలు, పోటాపోటీ సభలు, కూడలి కూడలికీ ఫ్లెక్సీలు. ఆ హోరులో ఒక్క రోజు ముందున్న తేదీ ఏటా జారిపోతోంది. 1965 సెప్టెంబర్ 16న, పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, సియాల్‌కోట్ సెక్టార్‌లో లెఫ్టినెంట్ కల్నల్ అర్దేశిర్ బుర్జోర్జీ తారాపూర్ నేలకొరిగారు. ఆ యుద్ధంలో పరమ వీర చక్ర దక్కింది ఇద్దరికే. ఒకరు అబ్దుల్ హమీద్, మరొకరు ఈయన. తారాపూర్ ఒంటిమీదకు తొలిసారి యూనిఫాం వచ్చింది ఇక్కడే, నిజాం రాష్ట్ర సైన్యంలో.

కంటోన్మెంట్ గోడల బయట ఆయన పేరు వినిపించడం అరుదు. దీనికి పుట్టిన ఊరు ఒక కారణం. ఆయన బొంబాయిలో పుట్టి పుణెలో చదివారు, ఆ రెండు ఊళ్లూ ఆయన్ను తమవాడంటాయి. అమరుడైన నాటికి పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంట్‌కు కమాండెంట్ కాబట్టి ఆ రెజిమెంట్‌కు ఆయన సొంత మనిషి. అసలు కారణం మాత్రం 1948లో ఉంది. 1942లో 7వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీలో చేరి, తర్వాత హైదరాబాద్ లాన్సర్స్‌కు మారిన అధికారి ఆయన. ఆ నిజాం సైన్యాన్ని నడిపిన ఎల్ ఎద్రూస్ పోలీసు చర్య ముగిశాక భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయారు. ఆ తర్వాత నిజాం సైన్యం మాట ఎత్తడమే ఇబ్బందైంది. దాన్ని తిట్టేవాళ్లకు తారాపూర్ అడ్డొస్తారు, వెనకేసుకొచ్చేవాళ్లకూ పనికిరారు. 1951లో భారత సైన్యంలోకి వచ్చిన ఆయన ప్రాణమిచ్చింది అదే చౌధురి సైన్యాధిపతిగా ఉన్నప్పుడు. ఈ ఊరి చరిత్రలో ఇంతకంటే నిండైన విలీనం నాకు కనబడదు. అందుకే ఆయన్ను తలుచుకునేటప్పుడు హైదరాబాద్ సర్వీసును కత్తిరించకూడదు.

తలుచుకోవడమంటే దండ వేసి వెళ్లిపోవడం కాదు, రికార్డు తప్పు లేకుండా నిలబెట్టడం. ముందు సైటేషన్, అంటే పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక పాఠం, చదవాలి. రక్షణ శాఖ గ్యాలంట్రీ అవార్డ్స్ పోర్టల్‌లో అది దొరుకుతుంది. 1965 సెప్టెంబర్ 11న ఫిల్లోరా మీదికి వెళుతుండగా వజీర్‌వాలీ వైపు నుంచి శత్రు ట్యాంకుల ఎదురుదాడి, గాయపడినా వెనక్కి తీసుకెళ్తామంటే ఆయన ఒప్పుకోకపోవడం, 14న వజీర్‌వాలీ, 16న జస్సోరన్, బుటూర్-డోగ్రాందీ పట్టుబడటం, చివరికి ఆయన ట్యాంకుకు మంటలంటుకోవడం, అన్నీ వరుసగా ఉంటాయి. పోరు 11న మొదలైంది, ప్రాణం పోయింది 16న. ఈ రెండు తేదీలను కలిపేసి 11నే వర్ధంతి అని రాస్తే తప్పు. ఇంకో తప్పు, అరవై ట్యాంకులను ఆయనొక్కరే పేల్చేశారని రాయడం. సైటేషన్ ఆ సుమారు అరవైని రెజిమెంట్ ఖాతాలో వేసింది, అందుకు మనవైపు పోయినవి తొమ్మిదేనంది. ఆయన ఘనత ఆ రెజిమెంట్‌ను నడిపించడం. ఒంటరి వీరుడి కథగా మారిస్తే ఆయన స్థాయి తగ్గుతుంది.

పతకం పేరూ చూసి రాయాలి. పరమ వీర, మహా వీర, వీర చక్రలు శత్రువు ఎదుట చూపిన సాహసానికి. అశోక, కీర్తి, శౌర్య చక్రలు అలాంటి పోరుకు బయట చూపిన సాహసానికి. కార్గిల్‌లో 1999 జూన్ 28న అమరుడైన హైదరాబాద్ బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్యది మహా వీర చక్ర. 'చక్ర పొందిన వీరుడు' అని వదిలేస్తే ఏదో ఎవరికీ తెలియదు.

విగ్రహం జోలికి పోకపోవడం మేలు. రోడ్లు, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. బడి ఆవరణలోనో పార్కులోనో, ఆ స్థలం ఎవరిదో వాళ్ల రాతపూర్వక అనుమతితో, ఒక నల్ల గ్రానైట్ పలక చాలు. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అక్షరాలు చెక్కించి రంగు నింపాలి. వినైల్ స్టిక్కర్ ఎండకు ఊడిపోతుంది, ఇత్తడి అక్షరాలను పీక్కుపోతారు. పాఠం యాభై మాటలు దాటితే అక్షరాలు చిన్నవైపోయి నిలబడి చదివేవాళ్లుండరు. ఇలా సరిపోతుంది:

లెఫ్టినెంట్ కల్నల్ అర్దేశిర్ బుర్జోర్జీ తారాపూర్
పరమ వీర చక్ర (మరణానంతరం)
1923 ఆగస్టు 18 – 1965 సెప్టెంబర్ 16
హైదరాబాద్ రాష్ట్ర సైన్యంలో చేరి, 1951లో భారత సైన్యంలోకి వచ్చారు. పూనా హార్స్ కమాండెంట్‌గా ఫిల్లోరా, వజీర్‌వాలీ పోరుల్లో రెజిమెంట్‌ను నడిపించి, బుటూర్-డోగ్రాందీ వద్ద అమరులయ్యారు.

డీటీపీ షాపులో జాగ్రత్త. యూనికోడ్ పాఠాన్ని 'అను' అనే డీటీపీ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, 'కమాండెంట్‌గా' కాస్తా 'కమాండెంట్గా' అవుతుంది. వరుసల మధ్య ఎడం తగ్గితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. కంప్యూటర్ తెర మీద చూసి సరేననొద్దు. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, సైటేషన్ పక్కన పెట్టుకుని ఇద్దరు విడివిడిగా చదవాలి. ఆ కాగితం మీద సంతకం పడ్డాకే రాయి మీద ఉలి పడాలి. సెప్టెంబర్ 16కు పలక సిద్ధం కావాలంటే జులైలోనే పని మొదలుపెట్టాలి.