ఐదుగురు వెళ్లాలా, ఒక్కరు చాలా?

(ఒక పదహారేళ్ల పిల్ల పెళ్లి ఆగిన మర్నాడు. ఎమ్మెస్‌డబ్ల్యూ అనే సోషల్ వర్క్ పీజీ చదువుతూ ఫీల్డ్‌వర్క్‌కి వచ్చిన కుర్రాడికీ, పదిహేనేళ్లుగా పల్లెల్లో తిరుగుతున్న సామాజిక కార్యకర్తకీ మధ్య.)

తమ్ముడు: అక్కా, నిన్న ఐదుగురం వెళ్లాం. పిల్ల తండ్రితో గంటన్నర మాట్లాడింది నేనొక్కణ్నే. మిగతావాళ్లు చెట్టుకింద టీ తాగారు. కాలేజీలో గ్రూప్ ప్రాజెక్టూ ఇంతే. ఒకడు రాత్రంతా మేలుకుని రిపోర్టు రాస్తాడు, మార్కులు మాత్రం అందరికీ సమానం.

అక్క: టీ ఎవరితో తాగారో చూశావా? అంగన్‌వాడీ టీచర్ కూర్చున్నది పెళ్లికొడుకు మేనమామ పక్కన. ఆయన లేచి వస్తే నీ గంటన్నర పది నిమిషాల్లో ముగిసేది.

తమ్ముడు: ఆ సంగతి నాకు ముందే చెప్పొచ్చుగా?

అక్క: అది నా తప్పే. ఎవరు ఎవరితో మాట్లాడాలో ఆఫీసులోనే అనుకోవాల్సింది. జీపులో అనుకుందాంలే అన్నాను. జీపెక్కాక అందరూ ఫోన్లు తీశారు.

తమ్ముడు: అనుకున్నా ఇంతేనండీ. ఫ్రాన్స్‌లో రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషులతో తాడు లాగించి చూశాడు. 1913లో అచ్చయింది. జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గింది. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అన్నారా?

అక్క: అందరూ ఒకేసారి లాగకపోవడం వల్ల బలం పోతుందని కూడా ఆయనే అన్నాడు. దానికి మందు జనాన్ని తగ్గించడం కాదు. పడవ లాగే జాలర్లు హైలెస్సా అని ఎందుకు అరుస్తారనుకున్నావ్?

తమ్ముడు: సరే, చట్టమే చూడండి. 2015 బాలల న్యాయ చట్టంలో, రక్షణ కావాల్సిన పిల్లల సంగతి తేల్చే బాలల సంక్షేమ కమిటీ సమావేశంలో లేని వేళ ఒక్క సభ్యుడి ముందు పిల్లని హాజరుపరిచినా చాలు. అర్ధరాత్రి ఐదుగుర్నీ పోగెయ్యమనలేదు.

అక్క: ఆ ఒక్కరూ తుది ఆదేశం ఇవ్వలేరు కదా! అధ్యక్షుడు, నలుగురు సభ్యులుండే కమిటీలో కనీసం ముగ్గురు ఉంటేనే కేసు ముగించేది. రాత్రి పిల్ల ఏడుపు విన్న మనిషి అప్పుడే ఏదో ఒకటి నిర్ణయించేసుకుంటారు. ఆ ఏడుపు వినని ఇద్దరు అడిగే ప్రశ్నలు చికాకుగానే ఉంటాయి. అయినా కావాలి.

తమ్ముడు: చికాకంటే గుర్తొచ్చింది. నిన్న తండ్రి ముందే ఎస్సై గారు కేసు పెడతామన్నారు. కేసు ఉండదని అప్పటికే నేను ఆ తండ్రికి మాటిచ్చాను. నా పరువేం కావాలి?

అక్క: ఎవర్నడిగి ఇచ్చావ్?

తమ్ముడు: ...అడగలేదు.

అక్క: కేసు కట్టేది నువ్వా?

తమ్ముడు: కాదు. కానీ ఆయన మాత్రం నన్నడిగారా అక్కా?

అక్క: అడగలేదు. అదే మాట శుక్రవారం మీటింగ్‌లో ఆయన ముందే అను, ఇక్కడ నాతో కాదు.

తమ్ముడు: ఎస్సై గారితోనా!

అక్క: పక్కన నేనుంటాలే. ముందు మాత్రం నువ్విచ్చిన మాట సంగతి చెప్పు, ఆ తర్వాతే ఆయన్ని అడుగు.

తమ్ముడు: కాగితం మీద రాసుకొస్తాను.

అక్క: రెండు లైన్లు చాలు.