బస్సు సైజు తేల్చాల్సింది టైమ్‌టేబులే

కాలం చెల్లిన బస్సులు వంద ఉన్నాయి కాబట్టి కొత్తవి వంద కొందాం. కొనుగోలు ఫైళ్లలో చాలాసార్లు కనిపించే లెక్క ఇంతే. అదే పొడవు, అవే సీట్లు, మారేది మోడల్ సంవత్సరం ఒక్కటే. ఆ వంద బస్సులు కొన్ననాటి రూట్లు మాత్రం ఇప్పుడలా ఉండవు. అప్పట్లో ఖాళీగా తిరిగిన రూట్లో ఇవాళ ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతుంటారు, అప్పట్లో కిటకిటలాడిన రూటు పక్కన రైలు మార్గం వచ్చి పలచబడి ఉంటుంది. ఇప్పుడిచ్చే ఆర్డరు మరో పన్నెండేళ్లపాటు స్టాపులో నిలబడే మనిషి బతుకును నిర్ణయిస్తుంది. తుక్కుకు పోయే బస్సుల జాబితా చూసి కొనుగోలు జాబితా రాయడం అందుకే తప్పు. ముందు ఏ రూట్లో ఎన్ని నిమిషాలకో బస్సు కావాలో తేలాలి, తర్వాత దాని సైజు, ఆపైన ఎన్ని కొనాలన్నది.

సైజు లెక్క ఎక్కువగా చెడేది ఆక్యుపెన్సీ రేషియో దగ్గరే, అంటే బస్సులో ఎంత శాతం నిండిందన్న అంకె దగ్గర. రోజంతా కలిపి 60 శాతం అన్న అంకెలో ఉదయం ఊళ్లోకి కిక్కిరిసి వచ్చిన ట్రిప్పూ ఉంటుంది, పది మందితో వెనక్కి పోయిన ట్రిప్పూ ఉంటుంది. ఆ రెండింటి సగటుకు సరిపడే బస్సు కొంటే ఉదయం ట్రిప్పులో జనం పట్టరు. కావాల్సిన అంకె వేరు: రూటు మొత్తం మీద బస్సు అన్నిటికంటే ఎక్కువ నిండే చోట, ఒక దిశలో, పదిహేను నిమిషాలకోసారి ఎంత మంది దాటుతున్నారు? టికెట్ మెషిన్ దీన్ని సగమే చెబుతుంది. పాసు మీద ఎక్కినవాళ్లు ఎక్కడ దిగారో దానికి తెలియదు. అందుకని ఆ చోట ఒక మనిషిని రెండు మూడు పనిదినాలు నిలబెట్టి లెక్క రాయించాలి. దాటిపోయే బస్సులో తలలు లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు కాబట్టి ఐదు గుర్తులు పెట్టుకుంటే చాలు: సీట్లు ఖాళీ, సీట్లు నిండాయి, నడవ సగం, నడవ నిండా, ఫుట్‌బోర్డు దాకా. ఆరో గడి ఒకటి తప్పకుండా ఉండాలి. బస్సు ఆగినా ఎక్కలేక స్టాపులోనే మిగిలిపోయినవాళ్లు ఎంతమంది అన్నది అందులో రాయాలి. వాళ్లు ఏ టికెట్ రికార్డులోనూ కనిపించరు, వాళ్ల కోసమే కదా ఈ లెక్కంతా.

ఒక రూటు తీసుకుందాం. ఉదయం ఎనిమిదింటి నుంచి తొమ్మిది దాకా అత్యధికంగా నిండే చోట ఒక దిశలో 480 మంది దాటుతున్నారు. పావుగంటల వారీగా చూస్తే 160, 120, 100, 100. బస్సుకు 60 మంది చొప్పున గంటకు 8 ట్రిప్పులు సరిపోతాయని కాగితం చెబుతుంది. కానీ మొదటి పావుగంటలో వచ్చేవి రెండే బస్సులు, అంటే ఒక్కో దానికి 80 మంది. అదే పావుగంటలో ఒక్క ఎక్స్‌ట్రా ట్రిప్పు వేస్తే బస్సుకు 53 మందికి దిగుతుంది. గంట లెక్క చూసినవారు రూటు మొత్తానికి పెద్ద బస్సులు అడుగుతారు, పావుగంట లెక్క చూసినవారు ఒక ట్రిప్పు అడుగుతారు. ఖర్చులో ఈ రెంటికీ పోలికే లేదు.

ఈ 60 ఎక్కడిదన్నదీ చూడాలి. తలుపు పైన రాసి ఉండే సామర్థ్యం ప్లాన్‌కు పనికిరాదు. నగర బస్సులకు వర్తించే ఐక్యరాజ్యసమితి ఆర్107 నిబంధనలో నిలబడే ఒక్కో మనిషికి 0.125 చదరపు మీటరు చాలు, అంటే చదరపు మీటరుకు 8 మంది. ఆ కిక్కిరిసిన స్థితిలో తలుపు దగ్గరికి చేరడమే పెద్ద పని. చదరపు మీటరుకు 4 మంది చొప్పున వేసుకోవడం మంచిది. 35 సీట్లు, 6 చదరపు మీటర్ల నిలబడే జాగా ఉన్న బస్సుకు ప్లేటు మీద 83 పడుతుంది, ప్లాన్‌లో 59. ఆ తేడా తెలియకుండా కొన్న బస్సు మొదటి రోజు నుంచే ఇరుకు.

ఇప్పుడు అదే 480 మందికి మూడు సైజులు పెట్టి చూద్దాం. చివర్లో ఆగే సమయంతో కలిపి రౌండ్ ట్రిప్పు 90 నిమిషాలు. 60 మందిని ఎక్కించుకునే 12 మీటర్ల బస్సయితే ఏడున్నర నిమిషాలకొకటి, మొత్తం 12 బస్సులు. 40 మంది పట్టే 9 మీటర్లదయితే 5 నిమిషాలకొకటి, 18 బస్సులు. 90 మంది పట్టే 18 మీటర్ల ఆర్టిక్యులేటెడ్ బస్సయితే (రెండు పెట్టెలు కలిపి మధ్యలో మలుపు తిరిగేది) లెక్కకు పదకొండుంపావు, గుండ్రంగా 10 నిమిషాలకొకటి, 9 బస్సులు. సగటు ఎదురుచూపు వరుసగా 3.75, 2.5, 5 నిమిషాలు, అదీ బస్సులు సమానమైన ఎడంలో నడిస్తేనే. 12 మీటర్ల నుంచి 9 మీటర్లకు దిగితే ప్రయాణికుడికి నిమిషంపావు మిగులుతుంది, ఆపరేటర్‌కు ఆరుగురు డ్రైవర్లు అదనంగా కావాలి, అదీ ఒక్క షిఫ్టుకే. చిన్న బస్సుకు డీజిల్ తగ్గుతుంది, టైర్ల ఖర్చు తగ్గుతుంది, డ్రైవర్ జీతం మాత్రం తగ్గదు. ‘ఖాళీగా తిరుగుతోంది, చిన్నది పెట్టండి’ అనే సలహా బయటి నుంచి చూస్తే సబబుగానే ఉంటుంది. అదే ఫ్రీక్వెన్సీతో, అంటే అన్నే నిమిషాలకొకటి నడుపుతూ, సైజు మాత్రమే తగ్గిస్తే మిగిలేది ఖర్చులో చిన్న ముక్కే.

అలాగని పెద్ద బస్సే ఎప్పుడూ సరైనదని కాదు. అమెరికా ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో చూపిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. ప్రయాణికుల ఎదురుచూపునూ ఖర్చుగా లెక్కిస్తే, సరైన ఫ్రీక్వెన్సీ డిమాండ్‌కు వర్గమూలంగా పెరుగుతుంది. జనం నాలుగింతలైతే బస్సులు రెండింతలు తరచుగా రావాలి, మిగతా రెండింతలు సైజు మోయాలి. పలచని రూట్లో గంటకో పెద్ద బస్సు నడిపేచోట అరగంటకో చిన్న బస్సు పెడితే ఎదురుచూపు పదిహేను నిమిషాలు తగ్గుతుంది. అక్కడ చిన్న బస్సుకు నిజమైన విలువ ఉంది. ఇప్పటికే ఐదు నిమిషాలకొకటి వస్తున్న రూట్లో బస్సు సైజు తగ్గించి సంఖ్య పెంచితే అవి ఒకదాని వెనక ఒకటి గుంపుగా వస్తాయి, ఎదురుచూపు తగ్గినట్టే ఉండదు.

1984లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పెద్ద బస్సులు తీసేసి, ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాన్ల మీద కట్టిన 16 సీట్ల మినీబస్సులను తరచుగా నడిపారు. జనం బాగా ఎక్కారు. 1986లో బ్రిటన్‌లో లండన్ వెలుపల నియంత్రణలు ఎత్తేశాక చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. వ్యాన్ షాసీ రోజంతా ఆగుతూ కదులుతూ నడిచే బస్సు పనికి తట్టుకోలేదు, పెరిగిన జనం 16 సీట్లలో పట్టలేదు. 1990లలో మధ్యస్థాయి బస్సులు ఆ చోటుకు వచ్చాయి. ఎక్సెటర్‌లో పనిచేసింది ప్రధానంగా ఫ్రీక్వెన్సీ. సైజు దానికి సాధనం మాత్రమే.

మధ్యాహ్నం ఖాళీ బస్సుల గురించి ఒక మాట. ఆ బస్సే పొద్దున కిక్కిరిసి వచ్చింది. మధ్యాహ్నానికి చిన్నది పెట్టాలంటే పెద్దదాన్ని ఖాళీగా డిపోకు తోలాలి, చిన్నదాన్ని ఖాళీగా తేవాలి, రెండూ కొని ఉంచాలి. ఒక బస్సు రోజంతా నడిపే షెడ్యూల్లో అన్నిటికంటే రద్దీగా ఉండే ట్రిప్పే దాని సైజును నిర్ణయిస్తుంది. సైజు కంటే ముందు తలుపులు చూడటం కూడా మంచిది. ఒకే తలుపుతో 40 మంది ఎక్కితే మనిషికి 3 సెకన్ల చొప్పున రెండు నిమిషాలు స్టాపులోనే పోతాయి. రెండు వెడల్పాటి తలుపులున్న బస్సు అదే రూట్లో రౌండ్ ట్రిప్పును తగ్గించి, కొన్నిసార్లు ఒక బస్సునే మిగులుస్తుంది.

ప్రతి రూటుకూ తగిన సైజు కొంటూ పోతే మరో చోట దెబ్బ తగులుతుంది. 120 బస్సుల్లో ఏ రోజైనా సగటున పదిలో ఒకటి షెడ్‌లో ఉంటుందనుకుందాం. అన్నీ ఒకే రకమైతే చెడ్డ రోజున 17, 18 ఆగుతాయి, అన్నే స్పేరు బస్సులు ఉంటే చాలు. అవే మూడు రకాలు, ఒక్కోటి 40 అయితే, ఒక్కో రకానికి చెడ్డ రోజు కోసం 7 నుంచి 8 పెట్టుకోవాలి, మొత్తం 21 నుంచి 24. పైగా క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనింగులు, విండ్‌షీల్డ్‌లు మూడు రకాలుగా స్టోర్‌లో ఉంచాలి. ఒక డిపోకు రెండు సైజులు దాటకపోవడం మేలు. మూడోది కొండ దారి, ఇరుకు సందు లాంటి తప్పనిసరి కారణం ఉంటేనే.

ఇక ఎప్పుడు మార్చాలన్నది. బస్సు ధర 100 యూనిట్లు, మొదటి ఏడాది మెయింటెనెన్స్ 4, ఏటా ఒకటిన్నర చొప్పున పెరుగుతుందనుకోండి. పదేళ్లు ఉంచితే ఏడాది సగటు ఖర్చు 20.75, పన్నెండేళ్లకు 20.58, పద్నాలుగేళ్లకు 20.89. ఇంతకంటే ముఖ్యమైన లెక్క ఈ మొత్తం వ్యవహారంలో లేదు. ఈ సగటును గీతగా గీస్తే అడుగున దాదాపు చదునుగా ఉంటుంది, రెండేళ్లు అటూ ఇటూ అయినా నష్టం రెండు శాతం కూడా దాటదు. ఆ వెసులుబాటును కొనుగోళ్లు సమం చేయడానికి వాడుకోవాలి. 300 బస్సుల సంస్థకు ఏటా 25 కొనడం ఆరోగ్యం. నిధులొచ్చిన ఏడాది వంద కొని మూడేళ్లు ఊరుకుంటే ఆ వంద ఒకేసారి ఇంజిన్ ఓవర్‌హాల్‌కు వస్తాయి, ఒకేసారి తుక్కుకు వస్తాయి, ఆ ఏడాది డిపో మెకానిక్‌లకు ఊపిరాడదు. వందలో కొన్నిటిని రెండేళ్లు ముందే తీసి, కొన్నిటిని రెండేళ్లు ఆపితే ఆ ముడి విడిపోతుంది.

వేటిని ఆపాలో తయారీ సంవత్సరం ఒక్కటే చెప్పలేదు. ఇంజిన్, గేర్‌బాక్స్ మార్చుకోవచ్చు, అస్థిపంజరం మార్చలేం. వెనక చక్రాల మీది ఫ్లోరు ప్లైవుడ్ లేపి, అడుగున అడ్డకమ్మీలను చిన్న సుత్తితో తట్టాలి. ఖంగుమంటే మంచిదే. డొల్లగా మోగినా, స్క్రూడ్రైవర్ మొన దిగినా ఆ బస్సు మీద ఇక రూపాయి పెట్టకూడదు. సైజును బట్టి కూడా ఆయుష్షు మారుతుంది. అమెరికా ఫెడరల్ ట్రాన్సిట్ అడ్మినిస్ట్రేషన్ తన నిధులతో కొన్న పెద్ద హెవీ డ్యూటీ బస్సుకు కనీసం 12 ఏళ్లు లేదా 5 లక్షల మైళ్లు పెట్టింది, తేలికపాటి చిన్న వాహనానికి 4 ఏళ్లు లేదా లక్ష మైళ్లే. చిన్న బస్సు చవక అనేవారు ఒక పెద్ద బస్సు కాలంలో దాన్ని మూడుసార్లు కొనాల్సి రావచ్చని కూడా లెక్కలో రాయాలి.

కొత్త బస్సు రోజుకు 250 కిలోమీటర్లు తిరిగే షెడ్యూలుకు వెళ్లాలి, చివరి రెండేళ్ల బస్సు రద్దీ వేళ రెండు ట్రిప్పులకే పరిమితం కావాలి. పైన చెప్పిన మొదటి పావుగంట ఎక్స్‌ట్రా ట్రిప్పుకు కొత్త బస్సు కొనక్కర్లేదు, ఆ పాతదే చాలు.

ఎలక్ట్రిక్ బస్సులతో ఒకటికి ఒకటి మార్పిడి మరింత తప్పుతుంది. 300 యూనిట్ల బ్యాటరీలో వాడుకోదగ్గది 80 శాతం అనుకుంటే 240. ఏసీతో కిలోమీటరుకు 1.2 యూనిట్లయితే 200 కిలోమీటర్లు. బ్యాటరీ పాతబడి సామర్థ్యం 80 శాతానికి పడ్డాక 160. డీజిల్ బస్సు నడిపిన 220 కిలోమీటర్ల షెడ్యూలు దానితో మొదటి రోజూ కుదరదు, బ్యాటరీ పాతబడ్డాక అసలే కుదరదు. అనుమతించిన మొత్తం బరువు మారకపోతే, బ్యాటరీ వల్ల పెరిగే ప్రతి టన్నుకూ మనిషికి 68 కిలోల లెక్కన పద్నాలుగు మందికి చోటు పోతుంది. అందుకని షెడ్యూళ్లను పొడవు వారీగా పేర్చి, 150 కిలోమీటర్ల లోపువి ముందు మార్చాలి. డిపోకు కొత్త విద్యుత్ లైను దరఖాస్తు బస్సుల టెండరు కంటే ముందే వెళ్లాలి.

సంతకం పెట్టే ముందు ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. కొనదలచిన సైజు బస్సు ఒకటి తెప్పించి, సీట్లలో, నడవలో ఇసుక బస్తాలు వేసి పూర్తి బరువు పెట్టి, రూట్లోని అన్నిటికంటే ఇరుకైన మలుపులో ఉదయం ఎనిమిదిన్నరకు, పక్కన బండ్లు నిలిపి ఉన్నప్పుడే, ఆ రూటు డ్రైవర్ చేతనే తిప్పించాలి. వెనక బంపరు ఎక్కడిదాకా ఊగుతుందో రోడ్డు మీద సుద్దతో గీత గీయాలి. ఆ గీత ఫుట్‌పాత్ మీదికి ఎక్కితే సైజు మార్చాలి, లేదా రూటు మార్చాలి.