కృష్ణా తగవు శ్రీశైలం అడుగుల్లో ఉంది

కృష్ణా జలాల మీద ఎవరు నోరు విప్పినా మాట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటా 66:34 దగ్గరకో, 50:50 దగ్గరకో వచ్చి ఆగుతుంది. కృష్ణా నీటిని రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గంపగుత్తగా ఇచ్చింది 811 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). రాష్ట్రం విడిపోయాక 2015 జూన్‌లో దాన్ని ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా ఒక్క ఏడాదికని రాసుకున్నారు. ఆ తర్వాత వాడకంలోకి వచ్చింది 66:34. ఏ ట్రైబ్యునలూ ఇవ్వని ఈ నిష్పత్తిని పట్టుకుని ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్నాం. రేపు అది 60:40 అయినా, సగం సగం అయినా తగవు తీరదు. ఎన్ని నీళ్లో చెప్పే శాతం, ఏ తేదీన, ఏ మట్టం నుంచి, ఎవరి గేటు ద్వారా అన్నది చెప్పదు.

శ్రీశైలాన్నే చూడండి. పూర్తి మట్టం 885 అడుగులు. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక మేట వేసి ఇప్పుడు 215.81కి వచ్చింది. 854 అడుగుల వద్ద ఉండేది సుమారు 89 టీఎంసీలే. ఇక్కణ్నుంచి రాయలసీమ కాలువకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ గడప 841 అడుగుల దగ్గర ఉంది. దాని సామర్థ్యాన్ని 44 వేల క్యూసెక్కులకు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) పెంచినా, నీరు గురుత్వాకర్షణతోనే వెళ్లాలి కాబట్టి 854 అడుగుల వద్ద ఏడు వేల క్యూసెక్కులకు మించి రావని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చెబుతోంది. 44 వేలు లాగాలంటే జలాశయం దాదాపు నిండి ఉండాలి. అంటే రాయలసీమకు ఎంత వాటా ఉందన్న ప్రశ్నకన్నా, ఏడాదిలో ఎన్ని రోజులు శ్రీశైలం 880 దాకా ఉంటుందన్న ప్రశ్న పెద్దది.

ఆ రోజుల సంఖ్యను తేల్చేది తెలంగాణ చేతిలోని ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం. ఒక్కోటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. ఐదు నడిస్తే సుమారు 35 వేల క్యూసెక్కులు కిందికి వెళ్తాయి. రోజుకు 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ కనుక, ఇది రోజుకు మూడు టీఎంసీలు. జూలై మొదట్లో ఎగువ వరద ఇంకా పుంజుకోకముందే ఈ విద్యుత్ కేంద్రాన్ని నడిపితే మట్టం 854కు చేరడమే ఆలస్యమవుతుంది. ఆ నీరు పోయేది దిగువనున్న నాగార్జునసాగర్‌కే, వృథా కాదన్నది తెలంగాణ వాదన. సాగర్ ఖాళీగా ఉన్నంతవరకు అది నిజమే. కానీ 2021 జూలైలో సాగర్‌కు దిగువనున్న పులిచింతల దగ్గర కూడా తెలంగాణ కరెంటు కోసం నీళ్లు వదిలింది. దిగువన ప్రకాశం బ్యారేజీకి పట్టేది మూడు టీఎంసీలు. మిగతావి సముద్రంలో కలిశాయి. శ్రీశైలం పుట్టింది జలవిద్యుత్ ప్రాజెక్టుగానే అన్న మాటా అబద్ధం కాదు. అటు మట్టం నిలవనీయడం లేదన్న కోపంతో ఆంధ్రప్రదేశ్ 800 అడుగుల దిగువ నుంచే రోజుకు మూడు టీఎంసీలు తోడే రాయలసీమ ఎత్తిపోతలకు పూనుకుంది. ఒకరు తూము తెరిస్తే ఇంకొకరు మోటారు పెట్టడం. ఊళ్లో చెరువు దగ్గర జరిగేదీ ఇదే.

ఇక కొలత. కాలువలో ఎంత పారుతోందో ఎవరూ నేరుగా కొలవరు. గేజి మీద నీటి ఎత్తు చదివి, ఆ ఎత్తుకు ఇంత ప్రవాహం అని ముందే తయారుచేసిన పట్టిక చూసి రాస్తారు. కాలువలో నాచు పెరిగినా, ఇసుక మేట వేసినా, దిగువ రెగ్యులేటర్ దించి నీరు ఎగదన్నినా ఆ పట్టిక తప్పు చెబుతుంది. అప్పుడప్పుడూ ప్రవాహ వేగం చెప్పే పరికరంతో (కరెంట్ మీటర్) కొలిచి సరిచూడాలి. 44 వేల క్యూసెక్కుల కాలువలో అయిదు శాతం పొరపాటంటే 2,200 క్యూసెక్కులు. నెల పాటు పారితే 5.7 టీఎంసీలు. హైదరాబాద్‌కు కృష్ణా తాగునీటి పథకం ఒక్కో దశకు ఏడాది కేటాయింపు 5.5 టీఎంసీలే! ఎకరాకు నాలుగడుగుల నీరు చొప్పున వరికి లెక్కేస్తే ఆ పొరపాటు 32 వేల ఎకరాలకు పైమాటే. సెన్సర్లతో కొలతలు వాటంతటవే పంపే టెలిమెట్రీ పెట్టామంటారు. అయితే సెన్సర్ చెప్పేదీ నీటి ఎత్తే. పట్టిక సరిగా లేకపోతే అది తప్పునే పదిహేను నిమిషాలకోసారి పంపుతుంది, అంతే.

కొలిచాక ఖాతా రాయడంలో మరో మూడు పేచీలున్నాయి. తాగునీటికి తీసుకున్న దానిలో 20 శాతమే వాడకం కింద రాయాలని బచావత్ తీర్పు. దాన్ని పాటించాలని తెలంగాణ అడుగుతుంటే ఆంధ్రప్రదేశ్ ఒప్పుకోదు. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తి సముద్రానికి వదులుతున్న రోజుల్లో మళ్లించిన నీటిని వాటాలో కలపొద్దని ఆంధ్రప్రదేశ్ అంటే, కలపాల్సిందేనని తెలంగాణ. మూడోదే నా దృష్టిలో అన్నిటికన్నా హానికరం. నీటి సంవత్సరం మే 31తో ముగుస్తుంది. పొదుపు చేసిన నీరు వచ్చే ఏడాదికి తమ ఖాతాలోనే ఉండాలని తెలంగాణ, మిగిలింది ఉమ్మడి నిల్వలో కలిసిపోతుందని ఆంధ్రప్రదేశ్. రెండో పద్ధతే నడిస్తే పొదుపు చేసినవాడు తెలివితక్కువవాడవుతాడు. వరద రోజుల మళ్లింపుల విషయంలో, నీటిని కొలవాలి, విడి ఖాతాలో రాయాలి, వాటాలోంచి కోయకూడదు. అసలు కొలవనక్కరలేదన్న వాదన మాత్రం ఒప్పుకోలేం.

ఇవన్నీ తేల్చాల్సిన కృష్ణా బోర్డుకు చేతిలో గేట్లు లేవు. 2021 జూలైలో ప్రాజెక్టులను బోర్డు పరిధిలోకి తెచ్చే నోటిఫికేషన్ వచ్చింది, ప్రాజెక్టుల అప్పగింత మాత్రం పూర్తికాలేదు. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఇంజనీర్-ఇన్-చీఫ్‌లు (ఈఎన్సీలు) ఉండే త్రిసభ్య కమిటీ రాష్ట్రాలు అడిగే నీటి ఇండెంట్లు చూసి విడుదలకు ఆదేశమిస్తుంది, గేటు మీద చెయ్యి మాత్రం రాష్ట్రాలది. 2023 నవంబరు 30న, తెలంగాణ పోలింగ్ రోజున, సాగర్ 26 గేట్లలో సగాన్ని ఆంధ్రప్రదేశ్ పోలీసులు స్వాధీనం చేసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు. చివరికి డ్యామ్‌కు కేంద్ర బలగాలు కాపలా కాయాల్సి వచ్చింది.

2023 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన కొత్త విచారణాంశాలతో రెండు రాష్ట్రాల వాటాలు విచారిస్తున్న బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ ముందు వాదనలన్నీ టీఎంసీల చుట్టూనే సాగుతున్నాయి. పునర్విభజన చట్టం 89వ సెక్షన్‌లో రెండు పనులున్నాయి. ప్రాజెక్టులవారీ కేటాయింపు ఒకటి. నీరు తక్కువ వచ్చిన ఏడాది ఏ ప్రాజెక్టు నుంచి ఎలా వదలాలో నియమావళి రాయడం రెండోది. ఈ రెండోదాన్ని పట్టించుకునేవారు తక్కువ. అందులో ఉండాల్సింది మహా అయితే నాలుగు పేజీలు: జూలై 15కు, ఆగస్టు 15కు, అక్టోబరు ఒకటికి శ్రీశైలం మట్టం ఎంత ఉంటే టర్బైన్లు ఎన్ని తిరగాలి, పోతిరెడ్డిపాడు ఎంత తెరవాలి, తాగునీటికి ఎంత పక్కన పెట్టాలి, లోటును డెల్టా, సాగర్ కాలువలు, సీమ, పాలమూరు ఏ పాళ్లలో మోయాలి. పక్కనే రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కలిసి సంతకం పెట్టిన గేజి పట్టిక. ఏటా జూన్ ఒకటికి ముందే, వరద రాకముందే.