సవరణ: పీహెచ్‌పీలో అట్రిబ్యూట్ టార్గెట్ చెక్ ఎప్పుడు జరుగుతుంది

మొన్నటి పోస్ట్‌లో "కస్టమ్ అట్రిబ్యూట్‌కి టార్గెట్ ఇస్తే తప్పు చోట పెట్టగానే ఎర్రర్ వస్తుంది" అని ఉంది కదా, ఆ మాట సీషార్ప్‌కి కరెక్టే, పీహెచ్‌పీకి మాత్రం కాదు. (అట్రిబ్యూట్ అంటే కోడ్‌లో క్లాస్, మెథడ్ లాంటి వాటికి తగిలించే చీటీ లాంటిది, టార్గెట్ అంటే దాన్ని ఎక్కడ పెట్టొచ్చో చెప్పే రూల్.)

సీషార్ప్‌లో టార్గెట్ చెప్పే అట్రిబ్యూట్‌యూసేజ్‌లో మెథడ్ అని రాసి దాన్ని క్లాస్ మీద పెడితే కంపైలరే సీఎస్0592 అనే ఎర్రర్‌తో ఆపేస్తుంది, బిల్డే అవ్వదు. పీహెచ్‌పీ 8లో అదే పని అట్రిబ్యూట్::టార్గెట్_మెథడ్ అని రాసి చేయండి, ఫైల్ హాయిగా లోడ్ అవుతుంది, రిఫ్లెక్షన్‌లో (ప్రోగ్రామ్ తన కోడ్ నిర్మాణాన్ని తానే చదువుకునే సదుపాయం) గెట్‌అట్రిబ్యూట్స్ పిలిచినా లిస్ట్ వచ్చేస్తుంది, పేరూ ఆర్గ్యుమెంట్లూ కూడా చదువుకోవచ్చు, ఏ గొడవా ఉండదు. ఆ అట్రిబ్యూట్ ఆబ్జెక్ట్‌ని తయారుచేసే న్యూఇన్‌స్టాన్స్ పిలిచినప్పుడే "క్లాస్ మీద పెట్టకూడదు, మెథడ్‌కి మాత్రమే" అనే అర్థంలో ఎర్రర్ విసురుతుంది. ఒకే అట్రిబ్యూట్‌ని రెండుసార్లు పెట్టినా అంతే, మళ్ళీ పెట్టొచ్చని చెప్పే ఈజ్_రిపీటబుల్ ఇవ్వలేదని అప్పుడే తెలుస్తుంది.

అంటే మీ కోడ్ పేర్లు మాత్రమే చదివి వదిలేస్తుంటే ఆ టార్గెట్ రూల్ అసలు పనిచేయనట్టే! పర్మిషన్ చెక్‌ల లాంటివి అట్రిబ్యూట్‌ల మీద నడిపేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం, అందుకే విడిగా రాస్తున్నా. సీఐలో (కోడ్ మార్చినప్పుడల్లా చెక్‌లు ఆటోమేటిక్‌గా నడిపే ఏర్పాటు) పీహెచ్‌పీస్టాన్ పెట్టుకోండి, అది కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతికే టూల్, తప్పు టార్గెట్‌ని అది ముందే పట్టేస్తుంది.

ఆ పోస్ట్‌లో డిఫాల్ట్ గురించి రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నా, ఏమీ ఇవ్వకపోతే రెండు భాషల్లోనూ ఎక్కడైనా పెట్టొచ్చు, కానీ ఒక్కో చోట ఒక్కసారే.